మా గుట్ట దగ్గర మాయమయ్యే విమానాలు

మా నాయనకు తల ఎత్తి ఆకాశం చూసే అలవాటు వాన వల్ల వచ్చింది. మా వైపు మబ్బు కోసం చూడని రైతు ఉండడు. మబ్బు రోజూ రాదు. విమానాలు మాత్రం రోజూ వచ్చేవి. బెంగళూరులో లేచినవి మా గుట్టల మీదుగా ఉత్తరానికి పోయేవి. ఉత్తరం నుంచి వచ్చేవి మా గుట్టల మీదికి వచ్చేసరికి కిందికి దిగుతుండేవి. జీవాలను మేతకు వదిలి గుట్ట మీద బండపై కూర్చున్న మనిషికి అంతకన్నా చూడడానికి ఏముంటుంది?

“ఇది యాడికి పోతాండాది పాపా?” అని నన్ను అడిగేవాడు. నేను అప్పుడు ఐదో తరగతి. తెలియదు అనేదాన్ని. పదో తరగతిలోనూ తెలియదనే అన్నాను. ఎమ్మెస్సీ ఫిజిక్సు పూర్తి చేసి వచ్చాక కూడా అదే జవాబు. ఇంత చదివి ఏం లాభం అని ఆయన పైకి అనలేదు. కానీ తల దించి గొర్రెల వైపు తిరిగిన తీరులో ఆ మాట నాకు వినిపించింది.

మా ఊరు పెనుకొండకు అవతల, గుట్టల మధ్య ఉంటుంది. చిన్న ఊరు. ఇప్పుడు నేను పెనుకొండ జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను, హిందూపురంలో ఉంటాను. మా ఆయనది ధర్మవరం జంక్షన్‌లో రైల్వే సిగ్నళ్ల పని. పొద్దున ఇద్దరం ఒకే రైలెక్కుతాం. నేను మధ్యలో పెనుకొండలో దిగిపోతాను, ఆయన ధర్మవరం దాకా పోతాడు. రైలు ఎక్కడుందో ఫోనులో చూసుకోవడం మాకు పళ్లు తోముకోవడం లాంటిది. అలా చూస్తున్నప్పుడే ఒకరోజు మా ఆయన, “రైలుకు ఉన్నట్టే విమానాలకూ ఒక మ్యాపు ఉందట, చూశావా?” అన్నాడు.

చూశాను. చూసి రెండు స్టేషన్ల దూరం తల ఎత్తలేదు. ప్రపంచమంతా పసుపు రంగు చిన్న చిన్న విమానాలు చీమల్లా పాకుతున్నాయి. ఒకదాని మీద వేలు పెడితే అది ఎక్కడ లేచిందో, ఎక్కడికి పోతోందో, ఎంత ఎత్తులో ఉందో అన్నీ చెబుతోంది. కిటికీలోంచి బయటికి చూస్తే, ఫోనులో హిందూపురం మీద ఉన్న విమానం నిజంగానే ఆకాశంలో తెల్లటి గీత గీస్తూ పోతోంది. అది ఢిల్లీకి. వెంటనే నాయనకు ఫోను చేశాను.

“నాయనా, ఇప్పుడు నీ నెత్తి మీదికి ఒకటి వస్తాది చూడు. అది ఢిల్లీకి పోతాంది.”

అవతల గొర్రెల మెడల్లో గంటలు వినిపించాయి. తరవాత, “వచ్చినాది” అన్నాడు. మళ్లీ తనే, “ఢిల్లీకా!” అన్నాడు. నాకు ఎమ్మెస్సీ పట్టా ఆ రోజు చేతికిచ్చినట్టయింది.

ఆ తరవాత వారానికి నాయన ఫోనులోకీ ఆ మ్యాపు వచ్చేసింది. ఆయన చదువు ఐదో తరగతితో ఆగింది. ఇంగ్లీషు అక్షరాలు రావు. కానీ ఊళ్ల గుర్తుగా మ్యాపులో వేసే మూడేసి అక్షరాలను బొమ్మలుగా గుర్తు పెట్టుకున్నాడు. మందలో ఏ గొర్రె ఎవరిదో చెవి మీద గాటు చూసి చెప్పే మనిషికి మూడు అక్షరాలు ఒక లెక్కా? నెల తిరిగేసరికి హైదరాబాదుకు పోయేది ఏది, నాగపూరు నుంచి వచ్చేది ఏది అని ఊళ్లోవాళ్లకు చెప్పసాగాడు. విమానం తోక రంగును బట్టి పేర్లు కూడా పెట్టాడు. ఎర్ర తోకది, నీలం తోకది, మచ్చలది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మా గుట్టల దగ్గర విమానాలు మాయమయ్యేవి.

ఆకాశంలో కాదు, మ్యాపులో. హిందూపురం దాటేదాకా చక్కగా వచ్చేవి. పెనుకొండ గుట్టల వెనక తక్కువ ఎత్తులో ఉన్నవి చటుక్కున ఆగిపోయేవి, లేదా బూడిద రంగులోకి మారేవి. మళ్లీ ఎక్కడో ముప్పై నలభై కిలోమీటర్ల అవతల తేలేవి. నాయన ఊరుకుంటాడా!

“పాపా, ఫోన్లో లేదు. నాకు కండ్లకు కనపడతాండాది. ఫోను అబద్ధం చెప్తాండాది.”

“అబద్ధం కాదు నాయనా. దానికి వినపడల్యా.”

“వినపడేదేంది? సూసేది కదా?”

అప్పుడు కూర్చుని వివరంగా చెప్పాను. నిజానికి ఆ మ్యాపు చూడదు, వింటుంది. ప్రతి విమానమూ తను ఎక్కడున్నదీ, ఎంత ఎత్తులో ఉన్నదీ రేడియోలో సెకనుకోసారి అరుచుకుంటూ పోతుంది. కింద నేల మీద ఎవరో ఒకరు ఒక చిన్న పెట్టె, ఒక యాంటెన్నా పెట్టుకుని ఆ అరుపు విని మ్యాపుకు పంపుతారు. పట్నాల్లో వినేవాళ్లు చాలామంది. అడవుల్లో, కొండల్లో, ఎడారుల్లో తక్కువ. సముద్రం మీదైతే ఉపగ్రహాలే వినాలి. రేడియో అల వెలుతురు లాగే తిన్నగా పోతుంది. గుట్ట అడ్డం వస్తే అవతలి వాడికి వినపడదు. మా గుట్టల మధ్య వినేవాళ్లు ఎవరూ లేరు.

నాయన అంతా విని, “అయితే మనమే వింటే పోలా?” అన్నాడు.

అంత తేలిగ్గా అనేశాడు. ఆ మాట పట్టుకునే నేను ఆ మ్యాపు నడిపేవాళ్లకు రాశాను. వినేవాళ్లు లేని చోట పెట్టె పెట్టడానికి ముందుకొచ్చేవాళ్లకు వాళ్లే ఉచితంగా పంపుతారని ఆ మ్యాపులోనే రాసి ఉంది. ఊరు ఎక్కడుంది, చుట్టూ ఏముంది, కరెంటు ఉందా, ఇంటర్నెట్ ఉందా అని చాలా అడిగారు. చుట్టూ ఏముంది అన్న చోట “గుట్టలు, గొర్రెలు” అని రాద్దామనుకుని, గుట్టలు అని మాత్రం రాశాను. వాళ్లు మరిచిపోయారేమో అని నేనూ మరిచిపోయాక, హిందూపురం ఇంటికి కొరియర్ వచ్చింది. టిఫిను డబ్బా మూతంత పెట్టె, చెయ్యి పొడవు యాంటెన్నా, చుట్ట చుట్టిన వైరు.

మా ఊరికి తీసుకెళ్లాం. మా ఇల్లు పల్లంలో ఉంటుంది. దాని మీద పెడితే ఎదురుగా గుట్ట తప్ప ఇంకేమీ వినపడదు. ఊళ్లో ఎత్తయిన చోటు ఒక్కటే, దిబ్బ మీదున్న చర్చి. దానికి చిన్న గంట గోపురం ఉంది. మేము హిందువులం, కానీ ఆ చర్చి కట్టినప్పుడు నాయన బండితో రాళ్లు తోలాడు. పాస్టరుగారు కూడా వానాకాలం మా వేరుశనగ చేలో చెనక్కాయలు పెరికే రోజుల్లో వచ్చి చెట్టు కింద కూర్చుని మాట్లాడిపోయే మనిషే. మొహమాటపడుతూ వెళ్లి అడిగాం.

పాస్టరుగారు పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశారు. “ఇది టవరు మాదిరి ఏమైనా పంపిస్తాదా అమ్మా? జనాలు భయపడతారు.”

“ఏమీ పంపించదు అయ్యగారూ. పైనుంచి విమానాలు చెప్పేది వింటుంది, అంతే. తను ఒక్క మాట కూడా గాల్లోకి మాట్లాడదు.”

“వినడమే గానీ మాట్లాడదా?” అని నవ్వారు. “అట్లయితే మా సంఘంలో అంతకన్నా మంచి విశ్వాసి లేడు. పెట్టుకోండి.”

మా ఆయన ఆదివారం ఆరాధన అయ్యాక గోపురమెక్కి యాంటెన్నా బిగించాడు. పిడుగులు పడే ఊరు అని భూమిలోకి రాగి తీగ దించాడు. సిగ్నళ్ల మనిషి కదా, ఆ తీగ దగ్గర మాత్రం ఎవరి మాటా వినలేదు. పెట్టెను గోపురం కింద గదిలో గోడకు తగిలించి, సిమ్ము వేసే చిన్న రౌటరు పక్కన పెట్టి, రెండింటినీ ప్లగ్గులో గుచ్చాడు. ఆకుపచ్చ లైటు వెలిగింది. నాయన చేతిలో ఫోను పట్టుకుని బయట నిలబడ్డాడు. ఒక నీలం తోకది పెనుకొండ వైపు నుంచి వస్తోంది. రోజూ ఆగిపోయే చోటుకు వచ్చింది. ఆగలేదు. గుట్ట మీదికి ఎక్కింది, దాటింది, ధర్మవరం వైపు వెళ్లిపోయింది.

“వినపడినాది” అన్నాడు నాయన. మా ఆయన గోపురం మీద ఉన్నాడని కూడా మరిచిపోయి, నిచ్చెన భుజాన వేసుకుని నడిచాడు. “మామా! నిచ్చెన!” అని పైనుంచి కేకలేస్తే గానీ వెనక్కి రాలేదు.

ఇదంతా జరిగేటప్పుడు మా అమ్మ పెద్దగా పట్టించుకోలేదు. “పోయేవాటిని పోనీక, వీటికి కాపలా ఏంది?” అనేది. ఆమెకు ఆమె పనులున్నాయి. ఊరి మహిళా సంఘానికి ఆమె లీడరు. కొర్రలు, సామలు, అరికెలతో రకరకాల వంటలు చేయించి సంతల్లో పెట్టిస్తుంది. మండలం మీటింగుల్లో మైకు పట్టుకుంటే వదలదు. అలాంటి అమ్మకు నిరుడు వానాకాలం చివర ఒక పిలుపు వచ్చింది. ఢిల్లీలో రైతు మహిళల సమావేశం, మా వైపు నుంచి ఐదుగురు ఆడవాళ్లు, వెంట ఒక ఆఫీసరు మేడం. ప్రయాణం విమానంలో.

మా ఇంట్లో విమానమెక్కిన మొదటి మనిషి మా అమ్మ అవుతుందని ఎవరమూ అనుకోలేదు. నాయన అయితే మూడో రోజు నాకు ఫోను చేసి, “ఏ విమానమో కనుక్కో. నంబరు కావల్ల” అన్నాడు.

బయలుదేరే ముందు రోజు అమ్మ బియ్యప్పిండితో నిప్పట్లు చేసి రెండు డబ్బాలు నింపింది. ఢిల్లీలో తిండి ఎలా ఉంటుందో అని. నాయన వాకిట్లో కూర్చుని, “నువ్వు గుట్ట మీదికి వచ్చేసరికి పదకొండున్నర అవుతాది. నేను పెద్ద బండ మీద నిలబడతా. ఎర్ర తువ్వాల ఊపుతా. సూడు” అన్నాడు.

“సూస్తాలే” అంది అమ్మ, పిండి చేతులతో.

సోమవారం పదకొండు దాటాక నా క్లాసులో పిల్లలకు విషయం చెప్పేశాను. ఎలాగూ వాళ్ల చూపు నా ఫోను మీదే ఉంది. అందరం వరండాలోకి వచ్చాం. విమానం బెంగళూరులో లేచింది. దొడ్డబళ్లాపురం పక్కన ఎత్తుకెక్కింది. హిందూపురం. పరిగి. మా కాలేజీకి పడమరగా తెల్లగా మెరుస్తూ పోతుంటే పిల్లలంతా “అవ్వా! అవ్వా!” అని అరిచారు. మా అమ్మ వాళ్లకు అవ్వ ఎప్పుడైందో నాకు తెలియదు. మ్యాపులో అది మా గుట్ట మీదికి చేరింది, ఒక్క సెకను కూడా తడబడకుండా దాటింది. నాయన ఫోను వచ్చింది.

“పోయినాది పాపా. తువ్వాల ఊపి ఊపి రెట్టలు నొప్పి పుట్టినాయి. మీయమ్మ సూసింటాదంటావా?”

“సూసే ఉంటాది నాయనా.”

అంత ఎత్తు నుంచి గుట్టే గులకరాయంత కనిపిస్తుందని చెప్పాలనిపించలేదు.

సాయంత్రం అమ్మ ఢిల్లీ నుంచి మొదట నాయనకు చేసింది, తరవాత నాకు. “మీ నాయనకు కనపడినావని చెప్పినా. ఎర్రగా కనపడినాది అంటి. శానా సంతోషపడినాడు.”

“నిజంగా కనపడిందా అమ్మా?”

“యాడ కనపడేది! నాకు నడిమి సీటు ఇచ్చినారు. పైగా అది లేచేటప్పుడు కండ్లు మూసుకున్నా, హైదరాబాదు దాటినాక తెరిసినా.” అని పకపకా నవ్వింది. ఆ తరవాత నాలుగు రోజులూ నాయన ఊళ్లో దారిన పోయే ప్రతి మనిషినీ ఆపి, తన భార్యకు ఆకాశంలోంచి తన తువ్వాల కనిపించిందని చెప్పాడు. ఎవరూ కాదనలేదు.

తిరుగు ప్రయాణం శుక్రవారం. విమానం నాలుగున్నరకు బెంగళూరులో దిగాలి. ఆ రోజు మధ్యాహ్నం నుంచే దక్షిణాన నల్లగా కమ్ముకుంది. నేను కాలేజీ అయిపోయాక పెనుకొండ స్టేషన్‌లో హిందూపురం రైలు కోసం కూర్చుని ఫోను తెరిచాను. అమ్మ విమానం అప్పటికే ధర్మవరం దాటి కిందికి దిగుతోంది. మా గుట్టల మీదికి వచ్చింది. అక్కడ తిన్నగా పోవలసింది, ఎడమకు తిరిగింది. ఇంకా తిరిగింది. వచ్చిన దారినే వెనక్కి పోయి, మళ్లీ ఇటు తిరిగింది. మ్యాపులో కోడిగుడ్డు ఆకారంలో ఒక చుట్టు పడింది.

భయపడవలసింది ఏమీ లేదని నాకు తెలుసు. కింద వాన ఉధృతంగా ఉంటే విమానాలను దిగనివ్వరు. కాసేపు గాల్లోనే అలా తిప్పుతారు. పక్కన ఇంకో రెండు విమానాలు కూడా వేరే ఎత్తుల్లో అలాగే తిరుగుతున్నాయి. పిల్లలకు నేనే ఈ బొమ్మ బోర్డు మీద గీసి చెప్పాను. కానీ బోర్డు మీద గీసిన విమానంలో మా అమ్మ లేదు. రెండో చుట్టు మొదలయ్యేసరికి లేచి ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ నడుస్తున్నాను.

రెండో చుట్టు పూర్తయింది. ఇటు తిరుగుతూ, తిరుగుతూ, ఆ చిన్న పసుపు విమానం ఆగిపోయింది. బూడిద రంగులోకి మారింది.

ఫోను మోగింది. నాయన.

“పాపా! మీయమ్మ విమానం నిలిసిపోయినాది!”

“విమానం నిలవదు నాయనా. పెట్టె ఆగింటాది. ఊళ్లో కరెంటు ఉండాదా?”

“గాలి గట్టిగా కొడతాండాది. కరెంటు పోయినట్టుండాది. ఈడ మబ్బు కమ్మింది, పైన ఏమీ కనపడల్యా. చప్పుడు మాత్రం వస్తాండాది. అది మీయమ్మదేనా?”

“అదే అయ్యుంటాది. నాయనా, విను. విమానాశ్రయం వాళ్లకు వాళ్ల రాడారు వేరే ఉంటాది. మన పెట్టె లేకపోయినా వాళ్లకు కనపడతాంటాది. ఏమీ కాదు.”

“వాళ్లకు కనపడితే మనకేం తెలుస్తాది?” అన్నాడు. “నేను చర్చికి పోతాండా” అని పెట్టేశాడు.

మా గుట్టల మీద ఆ ఎత్తులో తిరిగే విమానం మాట వినే పెట్టె అదొక్కటే. మేము పెట్టకముందు ఎవరూ వినేవాళ్లు లేరు, ఎవరికీ బాధ లేదు. ఒకసారి వినడం అలవాటయ్యాక ఆ నిశ్శబ్దం భరించలేకపోయాను. పాస్టరుగారికి ఫోను చేశాను. ఎత్తలేదు. శుక్రవారం, ఉపవాస ప్రార్థన నడుస్తోందని అప్పుడు గుర్తొచ్చింది. మా ఆయనకు చేశాను. ధర్మవరంలో డ్యూటీలో ఉన్నాడు. “చర్చిలో మైకుకు ఇన్వర్టర్ ఉంది. పెట్టె ప్లగ్గు దానికి మార్చమను. రౌటరుది కూడా” అన్నాడు. ఆ ముక్క నాయనకు చెబుదామంటే నాయన ఫోను ఎత్తడం లేదు. పరుగెడుతున్నాడు కదా.

ఆ తరవాత జరిగింది పాస్టరుగారు నాకు పూసగుచ్చినట్టు చెప్పారు. ప్రార్థనలో ముప్పై మంది దాకా ఆడవాళ్లు ఉన్నారు. ఇన్వర్టర్ మీద మైకు నడుస్తోంది, ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన చేయిస్తున్నారు. తలుపు దగ్గర గంటల చప్పుడు, మే, మే అని అరుపులు. కళ్లు తెరిచి చూస్తే మా నాయన, ఆయన వెనక మొత్తం మంద. గుట్ట దిగి పరుగెత్తుతుంటే జీవాలు కూడా ఆయన వెంట పడ్డాయి. వాటిని ఆపే మనిషి ఎవరు? ఒక పొట్టేలు అప్పటికే నడవలోకి వచ్చేసింది.

“పాస్టరయ్యా, కరెంటు! పెట్టెకు కరెంటు కావల్ల! మా ఆడమనిషి పైన తిరుగుతాండాది!”

ఆయన రొప్పుతూ చెప్పింది సగం మందికి అర్థం కాలేదు. పాస్టరుగారికి అర్థమైంది. ఇన్వర్టర్‌కు రెండే ప్లగ్గులు. ఒకటి మైకుది, ఒకటి లైటుది. రెండూ పీకేశారు.

“మైకు లేకున్నా దేవునికి వినపడతాది” అన్నారట. “పెట్టెకు పెట్టన్నా.”

మసక వెలుతురులో నాయనే పెట్టె వైరూ, రౌటరు వైరూ లాగి ఇన్వర్టర్‌కు గుచ్చాడు. ఆకుపచ్చ లైటు వెంటనే వెలగదు. ఆ పెట్టె నిద్ర లేవడానికి మూడు నిమిషాలు పడుతుంది. ఆ మూడు నిమిషాలు అక్కడున్న ఆడవాళ్లంతా మైకు లేకుండా మా అమ్మ కోసం, ఆమె వెంట ఉన్న నలుగురి కోసం, ఆ విమానం నడిపే మనిషి కోసం గట్టిగా ప్రార్థన చేశారు. నాయన మోకాళ్ల మీద కూర్చోలేదు గానీ, తువ్వాల తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డాడట. గొర్రెలు కూడా గమ్మున ఉన్నాయని పాస్టరుగారు అన్నారు. ఆ ఒక్క మాటా నేను నమ్మలేదు.

పెనుకొండ స్టేషన్‌లో నా రైలు వచ్చి ఆగింది. నేను ఎక్కలేదు. రైలు వెళ్లిపోయింది. అప్పుడు ఫోనులో ఆ బూడిద రంగు చుక్క చటుక్కున ఎగిరి పక్కకు పడింది, పసుపు రంగులోకి వచ్చింది. కదులుతోంది. ఎత్తు చూపిస్తోంది, వేగం చూపిస్తోంది. నేను బెంచీ మీద కూలబడ్డాను. పక్కనున్న పెద్దాయన, “ఏమైందమ్మా, రైలు పోయినాదని ఏడుస్తాండావా? ఇంకోటి ఉండాదిలే” అన్నాడు. అప్పటిదాకా నేను ఏడుస్తున్నానని నాకు తెలియదు.

ఇంకో రెండు చుట్లు తిరిగి అది తూర్పుకు మళ్లింది. నాయన నుంచి ఫోను.

“ఇదేంది పాపా, కదిరి పక్కకు పోతాండాది?”

“కదిరికి కాదు నాయనా, మద్రాసుకు. బెంగళూరులో వాన నిలవలేదు. ఇంధనం అయిపోకముందే ఆడ దింపుతారు. వాన తగ్గినాక మళ్లీ తెస్తారు.”

“ఓ, మద్రాసుకా. మీయమ్మ మద్రాసు సూడాలని శానాసార్లు అన్యాది.”

చెన్నైలో దిగేదాకా నాయన చర్చిలోనే కూర్చుని మ్యాపు చూశాడు. ప్రార్థన అయిపోయాక కూడా సగం మంది ఆడవాళ్లు ఇంటికి పోలేదు. ఆయన చుట్టూ కూర్చుని, ఇప్పుడెక్కడ, ఇప్పుడెక్కడ అని అడుగుతూనే ఉన్నారట. చుక్క చెన్నైలో నేల మీద ఆగినప్పుడు పాస్టరుగారు స్తోత్రం చెప్పారు, నాయన గొర్రెలను లెక్కపెట్టుకున్నాడు. ఒకటీ తప్పిపోలేదు. అమ్మావాళ్లు అదే విమానంలో బెంగళూరు చేరి, ఆఫీసరు మేడం వెంట అక్కడే ఆగి, శనివారం పొద్దున రైలెక్కారు.

అదే రైలు మాదీ. హిందూపురంలో మేము ఎక్కేసరికి ఐదుగురు ఆడవాళ్లూ ఒకే బోగీలో ఉన్నారు, ఊరంతా వినపడేలా మాట్లాడుకుంటున్నారు. అమ్మ మొహంలో అలసట లేదు.

“భయం వేయలేదా అమ్మా?”

“భయమేంటికి? వాళ్లు హిందీలో ఏందో చెప్పినారు, ఇంగిలీషులో ఏందో చెప్పినారు. మేడం యాడో ముందు సీట్లో ఉండాది, వీళ్లకు ఏం అర్థం గాక ఒకరి చేయి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. ఈసారి నాకు కిటికీ సీటు కదా, నేను పొద్దును సూస్తాన్నా. కింద మబ్బు, పైన ఎండ. పొద్దు ఒకసారి నా మొగం మీద పడతాది, కొంచేపు ఉంటే ఆ పక్కోళ్ల మీద పడతాది. మళ్లీ నా మీద. అప్పుడు తెలిసె, ఇది పోతాండల్యా, తిరుగుతాండాది అని. మేయ్, దిగేదానికి చోటు లేక తిరుగుతాండాది, గమ్మునుండండి అని వీళ్లకు చెప్పినా. నిప్పట్లు మిగిలుంటే తలా ఒకటి ఇచ్చినా. ఆ ఇమానంలో నిలబడి ఉంటాదే పిల్ల, ఆ పాపకు కూడా.”

“తినిందా?”

“రెండు తినింది.”

నేను పదిహేనేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. యాంటెన్నా, పెట్టె, రౌటరు, మ్యాపు, ఇన్ని పెట్టుకుని ప్లాట్‌ఫారం మీద వణికిపోయాను. ఆమె ఎండ మొహం మీద పడే తీరు చూసి అంతా కనిపెట్టేసింది.

పెనుకొండలో దిగితే ప్లాట్‌ఫారం మీద నాయన ఉన్నాడు. జీవాలను ఎవరికో అప్పజెప్పి, ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. మా ఆయన తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపాడు, రైలు ధర్మవరం వైపు కదిలిపోయింది. నాయన అమ్మ చేతిలో సంచి తీసుకున్నాడు.

“ఎన్ని సుట్లు తిప్పినారు?” అన్నాడు.

“ఐదు” అంది అమ్మ, ఆలోచించకుండా.

నేను ఫోను తీసి నిన్నటి గీత తెరిచాను. “నాలుగే అమ్మా. ఇదో చూడండి. రెండు ముందు, రెండు తరవాత.”

నాయన ఫోను వైపు చూడనైనా చూడలేదు. “కరెంటు లేనప్పుడు ఒకటి తిరిగింటాది పాపా. అప్పుడు పెట్టె నిద్రపోయింది, మీయమ్మ నిద్రపోలేదు. ఆమె చెప్పిందే రాసుకో.”

కాదనడానికి ఏముంది? విననప్పుడు జరిగింది పెట్టెకు తెలియదు. పెట్టె గురించి నేను రాసుకునే నోటుపుస్తకంలో శుక్రవారం తేదీ కింద ‘ఐదు’ అని రాశాను. వాళ్లిద్దరూ స్టేషను బయట ఆటో ఎక్కారు. మొదటి పీరియడు గంట కొట్టడానికి ఇంకా పది నిమిషాలుంది. నేను కాలేజీ వైపు గబగబా నడిచాను.